బుడ్డల మిల్లులో మునుం

ఆళ్లగడ్డ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లంతా ఒకే వరుసగా ముందుకు జరుగుతారు. దాన్ని మునుం అంటారు. ఎవరైనా వెనకబడితే పక్కసాలు మనిషి ఆమె సాల్లో కాస్త కలుపు తీసిపెట్టి తనతో లాక్కొస్తుంది. అడిగేదీ లేదు, చెప్పుకునేదీ లేదు. రామేశ్వరమ్మకు తెలిసిన పనితీరు అదొక్కటే.

భర్త సంజీవయ్య బస్తాల బండి మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక, డెబ్బయ్యారులో, ఆమె ఇద్దరు ఆడపిల్లలతో నంద్యాల చేరి బుడ్డల మిల్లులో కుదిరింది. యంత్రం ఒలిచి పోసిన వేరుశనగ గింజల్లో పుచ్చులూ రాళ్లూ ఏరాలి. పొద్దుగూకే లోపల మనిషికి ఆరు గంపలు. తగ్గితే మర్నాడు గేటు బయటే.

రామేశ్వరమ్మ ఏడు ఏరేది. పక్కన కూర్చునే సరస్వతమ్మకు కళ్లు మసకలు, ఐదు దాటవు. మేస్త్రి దేవరాజు అటు తిరగగానే రామేశ్వరమ్మ చేటెడు గింజలు ముసలామె గంపలో పోసేది. గోవిందమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఆమెకూ పోసింది. అట్లా మూడేళ్లు.

ఒకనాడు దేవరాజు చూడనే చూశాడు.

"ఏం చేస్తాండావమ్మే?"

"ముసల్దానికి రొంత సాయం పడ్తాండా అప్పా. చేల్లో చేసేదే గదా."

"ఇది మీ నాయన చేను గాదు. ఎన్నాళ్లనుంచి?"

వరుసంతా తలొంచుకుని గింజలు ఏరింది. సరస్వతమ్మ మాత్రం నోరు విప్పింది. "నేనడగల్యాప్పా. నా ఆరూ నేనే ఏర్కుంటా. ఈ పొద్దే పోసింది."

రామేశ్వరమ్మను గెంటేశారు.

ఎనిమిది రోజులు ఆమె గేటు దగ్గరే నిలబడింది. ఇంట్లో జొన్నపిండి అయిపోయింది. చిన్నది ఆకలికి ఏడవడం కూడా మానేసింది. లోపలికి పోతూ గోవిందమ్మ అందరూ వినేట్టు, "ఆడ నిలబడితే గేటు నీకు మొగుడైతాదా అక్కా? పో ఇంటికి," అంది. నవ్విన వాళ్లు నవ్వారు.

తొమ్మిదోనాడు దేవరాజే పిలిచాడు.

"ముసల్దానికి ఇంకా ఆరు గంపలు నిండుతాండాయి. ఎవరో పోస్తాండారు. నన్ను చూస్తే ఆపేస్తారు. నువ్వు పోయి కూర్చో. సాయంత్రానికి పేరు చెప్పు, రేపట్నుంచి పనికి రా."

రామేశ్వరమ్మ తన చోట కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. మధ్యాహ్నం దాటాక గోవిందమ్మ చేటెత్తి, ఆమె కళ్లెదురుగానే, సరస్వతమ్మ గంపలో గింజలు పోసింది. దాచుకోలేదు. మన మనిషి దగ్గర దాపరికమేముంది?

సాయంత్రం దేవరాజు వచ్చి నిలబడ్డాడు. "ఏందీ?"

రామేశ్వరమ్మ చేట కింద పెట్టింది. నిన్న పొద్దున్నుంచి పిల్లలు నీళ్లతోనే ఉన్నారు.

"గోవిందమ్మ," అంది.

మర్నాడు గోవిందమ్మ చోటు ఖాళీగా ఉంది. ఎవరూ ఎవరి గంపలోనూ ఏమీ పోయలేదు. సరస్వతమ్మ నాలుగున్నర దగ్గర ఆగిపోయింది. రామేశ్వరమ్మ ఏడో గంప ఏరుతూ తలెత్తలేదు.