చేపల తొట్టి మీద ధారపాత్ర

గౌలిపురలోని మా ఇంటికి కరెంటు వచ్చిన సంబరంలో, ఈ రోజు చేపల గాజుతొట్టికి పంపు కొనుక్కొచ్చాను. చిన్నదా పెద్దదా అని దుకాణదారు అడిగితే పెద్దదే అన్నాను. ఇన్నేళ్లూ శివాలయంలో పూజారిగా ఉండి, ఇప్పుడు మంచం దిగలేని బాపుకు ఆ చేపలే కాలక్షేపం.

స్విచ్ వేయగానే నీటి తోపుడుకు చేపలు వెళ్లి అద్దానికి కొట్టుకున్నాయి. భయపడి ఆపేశాను. అడుగున పేరుకున్న మడ్డి లేచి నీళ్లు చెడ్డాయేమో, కాసేపటికి అవన్నీ పైకొచ్చి, నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి.

"ఫికర్ చెయ్యకు. నా ధారపాత్ర తెచ్చి తొట్టి మీద కట్టు. నీళ్లు సన్నగ పడాలె," అన్నాడు బాపు.

అమ్మ ఉలిక్కిపడింది. "అది శివునికి కట్టేది గదా! చేపలకేంది?"

"ఇన్నేండ్లు ఆయనకే పోసిన. ఇయ్యాల గీ చేపలకు పొయ్యి."

అడుగున చిల్లున్న ఆ పాత్రను నేను కట్టగానే, తొట్టిలోని నీళ్లే ముంచి అందులో అమ్మే పోసింది. సన్నని ధార పడుతుంటే చేపలు తేరుకుని, మెల్లగా కిందికి దిగి తిరగసాగాయి. అది చూసి బాపు దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. అలవాటైన ధార చప్పుడుకేమో, నెలల తర్వాత గొంతు విప్పి, శివుడి అభిషేకంలో చదివే నమకం చదివాడు.

ఆ గొంతు మళ్లీ వినిపించినందుకు చేపలకు రుణపడిపోయాను. ఏ ఇంట్లోనైనా చేపలకు రుద్రాభిషేకం జరిగిందా, మీరే చెప్పండి!