చెలకలో రెండు సాళ్లు

నా చిన్నప్పుడు గోదావరిఖని పక్క పల్లెలో మాకు రెండు చోట్ల జొన్న చేలు ఉండేవి. ఒకటి వాగు ఒడ్డున నల్లరేగడి, ఇంకొకటి గుట్ట కింద ఎర్రటి చెలక. మా బాపుది బొగ్గుబాయిలో పని. సేద్యమంతా ఆయన తల్లి, మా బాపమ్మ, చూసుకునేది.

ఆ ఏడు ఒక్క వాన పడి మళ్లీ జాడ లేదు. రేగడిలో తుంగ, గరక మోకాలెత్తు లేచాయి. చెలకలో మాత్రం కలుపు పలుచగానే ఉంది. కూలీలు నలుగురే దొరికారు. బాపమ్మ వాళ్లను ముందు చెలకకే పొమ్మంది.

"రేగడిల పదును ఉన్నది, గడ్డి తాగినా పైరుకు ఇంత మిగుల్తది. చెలకల ఉన్నదే గుక్కెడు. అది గడ్డి తాగితే పైరుకేం ఉంటది?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాపు కూలీల ముందే నవ్వాడు. "కండ్లు కనవడ్తలేవా అవ్వా? గడ్డి ఏడున్నదో ఆడికి పోవాలె గని!"

కూలీలు రేగడికే వెళ్లారు. బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని చెలకకు నడిచింది. వంగలేని నడుముతో రోజూ కాస్త కాస్త తీస్తూ రెండు సాళ్లు బాగుచేసింది. అంతకు మించి చేతకాలేదు. కూలీలు అక్కడికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది.

కోతల నాటికి రేగడిలో, కూలీలు కలుపు తీయకుండా వదిలేసిన మూలన కూడా, ఎంతోకొంత గింజ పట్టింది. చెలక ఎండిపోయింది. ఆ రెండు సాళ్లే కంకులతో నిలబడ్డాయి.

"నువ్వు ఆలస్యంగ విత్తినవ్, గందుకే పోయింది," అన్నాడు బాపు. బాపమ్మ ఆ సాళ్లు చూపించింది. ఆడ మన్ను మంచిదన్నాడు. అప్పుడామె నా వైపు తిరిగింది.

"నువ్వు నాతోనే ఉంటివి గద బిడ్డా. గవి ఎట్ల నిలవడ్డయో చెప్పు."

బాపు నన్నే చూస్తున్నాడు. నేను తల వంచుకుని, "నాకు ఎరుకలేదు," అన్నాను.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే నాకు జడ వేసింది. చెలకలో మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు. రెండేళ్లకు పోయింది.

ఇప్పుడు వానలు తక్కువైన ఏడల్లా మా పత్తిలో పదును నిలవని తేలిక నేలలోనే ముందు కలుపు తీయిస్తాను. ఎందుకని కోడలు అడిగితే, మా బాపమ్మ చెప్పిందంటాను. అడగని వాళ్లకూ చెబుతుంటాను. ఆమె అడిగిన రోజున మాత్రం నాకు ఎరుకలేదన్నాను.