మూడోసారి పలక్కపోతే

తాగి చెబుతున్నానని అనుకునేవాళ్లు ఇప్పుడే లేచి ఇంటికి పోవచ్చు. నేనేమీ అనుకోను. పోలీసులు కూడా ముందు అదే అడిగారు... ఎంత తాగారు అని. ఆ రాత్రి నేనూ మా తమ్ముడూ తాగింది ఒకే ఒక్క సోడా. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా వచ్చే ఏడు మా చేలో మొలక రాకుండా పోవాలి. అంతకన్నా పెద్ద ఒట్టు మా ఊళ్లో లేదు.

మాది ఆలూరు దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట. ఆ ఏడు వేరుశనగ ఎత్తేసి ఆదోనిలో అమ్మేశాక మా తమ్ముడు ఈరేశు పట్టు పట్టాడు, సముద్రం చూడాలని. ఇరవై ఆరేళ్లు వాడికి. నిండిన చెరువును కూడా రెండు మూడుసార్లే చూసి ఉంటాడు. సరే అని గుంతకల్లులో రైలెక్కి విశాఖపట్నం పోయాం.

పగలంతా ఎంత బాగుందో ఇప్పటికీ తలుచుకుంటాను. పొద్దున్నే టూరు వాళ్లు కొండ ఎక్కించారు. తర్వాత నారింజ రంగు జాకెట్లు తొడిగి, చిన్న పడవల్లో కూర్చోబెట్టి, తెడ్లు చేతికిచ్చారు. నేను ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే ఈరేశు నవ్వలేక చచ్చాడు. వాడు సముద్రపు నీళ్లు దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఇన్ని నీళ్లుండి ఏం లాభమన్నా... ఒక్క గుక్క తాగేకి ల్యాదు" అన్నాడు.

రాత్రికి ఊరవతల ఇసుకలో టెంట్లు వేశారు. మాది చిట్టచివరిది. అక్కడి కాపలా మనిషి పేరు అప్పల్రాజు. పెద్దాయన. "రాత్రేల నీటి కాడికి ఎల్లకండి బాబూ. ఈత రానోళ్లు మరీను" అని రెండుసార్లు చెప్పాడు. మా ఇద్దరికీ ఈత రాదు. మా వైపు ఎవరికి వస్తుంది, ఎక్కడ నేర్చుకుంటారు.

ఇక్కడ మా కాపలా సంగతి చెప్పాలి. వేరుశనగ ఊడలు దిగినప్పటి నుంచి అడవి పందుల భయం. ఎవరి చేలో వాళ్లు మంచె మీద రాత్రంతా కూర్చుంటాం. మధ్యమధ్యలో ఒకరు పిలవాలి. ఒక పొడుగు, రెండు పొట్టి. ఓ...య్. ఓయ్. ఓయ్. పక్క మంచె మీదివాడు పలకాలి. చిన్నప్పుడే మా నాయన మాకు నేర్పాడు.

"పలికినాడంటే బాగుండాడని. నీ మంచె మీద నువ్వు పండుకో. మూడుసార్లు పిల్సినా పలక్కపోతే పామో, పందో అని లెక్క. సెప్పులేసుకునేకి గూడ ఆగొద్దు. పరిగెత్తు."

ఆ రాత్రి ఎన్ని గంటలైందో తెలియదు. అలల చప్పుడు. టెంటు గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. టప... టప... ఉన్నట్టుండి గాలి ఆగింది. అప్పుడు వినపడింది.

ఓ...య్. ఓయ్. ఓయ్.

సముద్రం వైపు నుంచి.

ఈరేశు లేచి కూర్చున్నాడు. "అన్నా, ఇన్యావా? మన పిలుపే."

"సేపలోళ్లు ఎవరో. పండుకో."

మళ్లీ వచ్చింది. అదే పిలుపు. అచ్చంగా అదే... ఆ చివరి 'ఓయ్' దగ్గర గొంతు కాస్త దించుతాం చూడండి, అది కూడా.

"పలకాల గదన్నా" అన్నాడు ఈరేశు. నోరు తెరవబోయాడు. నేను వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పక్క టెంట్లలో చదువుకున్న పిల్లలు పడుకుని ఉన్నారు. పల్లెటూరోళ్లు అని నవ్వుతారని నాకు సిగ్గు. నిజం చెబుతున్నాను, సిగ్గు.

"ఈడ ఏం బుడ్డల సేను ఉందని కాపలా? పండుకో" అని కసిరాను. బుడ్డలంటే మా వైపు వేరుశనగ.

మూడోసారి వచ్చింది. మేమిద్దరం పలకలేదు. నాకు నిద్ర పట్టేసింది... ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

మెలకువ వచ్చేసరికి టెంటు జిప్పు తెరిచి ఉంది. ఈరేశు లేడు. వాడి సెల్లు ఉంది. టార్చి ఉంది. బయట చెప్పులు ఉన్నాయి. నేను నిద్రపోయాక వాడు గొంతు తగ్గించి మూడుసార్లు పిలిచి ఉంటాడు, అటు నుంచి పలుకు వచ్చి ఉండదు... చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగలేదు.

టార్చి వేశాను. ఇసుకలో అడుగులు... దూరం దూరంగా. మడమ పడలేదు, వేళ్లే దిగాయి. పరిగెత్తిన అడుగులు. నేరుగా నీళ్లలోకి. తిరిగి వచ్చిన అడుగు ఒక్కటి కూడా లేదు.

నీళ్ల అంచున నిలబడ్డాను. నల్లగా ఉంది. అల వచ్చి కాళ్లు తడిపి పోయింది. అప్పుడు... చాలా దూరంలో...

ఓ...య్. ఓయ్. ఓయ్.

ఈసారి అది ఈరేశు గొంతు. వాడితో పదేళ్లు కాపలా కాశాను, ఆ మాత్రం గుర్తుపట్టలేనా. ప్రాణం లేచి వచ్చింది. గుండెలు పగిలేలా పలికాను. ఓయ్...

అంతే. మళ్లీ పిలుపు రాలేదు.

అప్పల్రాజు పరిగెత్తుకొచ్చాడు. తెల్లారాక పడవలు తిప్పారు. నాలుగు రోజులు ఉన్నాను. ఏమీ దొరకలేదు. ఆ రాత్రి ఒక్క పడవా సముద్రం మీదికి పోలేదని అప్పల్రాజు చెప్పాడు. పక్క టెంట్ల పిల్లలు నా ఒక్కడి అరుపే విన్నామన్నారు.

ఇంటికొచ్చి నాయనకు అంతా చెప్పాను. ఆయన ఏడవలేదు. ఒకటే అడిగాడు.

"వాడు పిల్సినప్పుడు నువ్వు పలికినావా?"

"పలికినా నాయనా."

ఆయన లేచి చేలోకి పోయాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పలికితే నేను బాగున్నానని లెక్క. ఇక వాడు రానక్కర్లేదు. నోరు మూసుకుని ఉండి ఉంటే నా తమ్ముడు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడేమో. పలకాల్సినప్పుడు పలకనివ్వలేదు. పలకకూడనప్పుడు పలికాను.

మళ్లీ కాపలా రోజులు వచ్చాయి. మొన్న అమావాస్య రాత్రి మంచె మీద ఒక్కడినే ఉన్నాను. తూర్పు వైపు నుంచి పిలుపు. అటు చేలు లేవు, రాళ్ల గుట్ట. ఈరేశు గొంతే. నేను పలకలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. రెండోసారి పిలిచాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా పలకలేదు. రారా... పరిగెత్తుకు రారా.

మూడోసారి.

పక్క చేలో మంచె మీద చిన్నోబన్న నిద్రమత్తులో పలికాడు. ఓయ్.

మళ్లీ పిలుపు రాలేదు. తెల్లారేదాకా గుట్ట వైపే చూస్తూ కూర్చున్నాను. పొద్దున చిన్నోబన్న వేపపుల్ల నములుతూ వచ్చాడు.

"ఆ గుట్ట మింద ఎవరప్పా కాపలా? నువ్వు పలక్కుంటే నేనే పలికినా" అన్నాడు.

ఆయన్ని ఏమనగలను. ఎవరైనా పిలిస్తే పలకడం మాకు అలవాటు.