ఏడుకీ అయిదుకీ మధ్య చుక్క

2023 వానాకాలం. మాదాపూర్‌లో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను టెక్నికల్ రైటర్‌ని. అంటే, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో స్క్రీన్‌షాట్లతో సహా వివరించే గైడ్‌లు రాసేదాన్ని. నాకు నిదానం తక్కువ. చేతిలో ఒక పని ఉండగానే మనసు తర్వాతి పని మీదికి పోతుంది. ఆ రోజు తప్పు జరిగిందీ అందువల్లే.

శేరిలింగంపల్లిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో మా సాఫ్ట్‌వేర్ మర్నాడే మొదలవుతోంది. అక్కడి ఇన్‌ఫ్యూజన్ పంపులకు అంకెలు పెట్టేది అందులోనే. పంప్ అంటే మందును కొద్దికొద్దిగా రక్తంలోకి ఎక్కించే యంత్రం. ఒక్కో మందుకూ గంటకు ఇంతకు మించకూడదని డాక్టర్లు పరిమితి పెడతారు. అది దాటేలా ఎవరైనా అంకె నొక్కితే యంత్రం మోగుతుంది. డాక్టర్లు ఖరారు చేసిన ఆ పరిమితుల పట్టికను స్క్రీన్‌షాట్ తీసి గైడ్‌లో పెట్టాను. నర్సులు దాన్ని చూసి సాఫ్ట్‌వేర్‌లో అంకెలు నింపాలి.

తీరా చూస్తే గైడ్ మెయిల్‌లో పోనంత పెద్ద ఫైల్ అయింది. బొమ్మలన్నీ పీఎన్‌జీలు మరి. పీఎన్‌జీ అనే రకం బొమ్మ ఫైలు తెర మీది ప్రతి చుక్కనూ ఉన్నదున్నట్టు దాస్తుంది. జేపెగ్ అనే ఇంకో రకం ఫోటోల కోసం పుట్టింది. కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. మనిషి ముఖానికి పరవాలేదు కానీ సన్నటి అక్షరాలకు అది పనికిరాదు. ఈ సంగతి కొత్తవాళ్లకు పాఠం చెప్పేదాన్ని నేనే. అయినా తొందరలో అన్నింటినీ జేపెగ్‌లు చేసి, క్వాలిటీ తగ్గించి, సైజు కుదించి, ఆసుపత్రి వాళ్ల చాట్ గ్రూప్‌లో పడేశాను. ఒక్కటి కూడా తెరిచి చూసుకోలేదు.

మర్నాడు ఉదయం పది నలభైకి, నల్లగండ్ల నుంచి క్యాబ్‌లో ఆఫీసుకు వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఫోన్ మోగింది.

“మేడం, నేను ఐసీయూ నుంచి సిస్టర్ సుజాత. గీ కాయితంల ఇన్సులిన్‌కు గంటకు డెబ్బై అయిదు యూనిట్లు అని ఉంది. గంత ఎట్ల పెడ్తరు?”

“డెబ్బై అయిదేంటి సిస్టర్? ఏడున్నర. ఏడు, చుక్క, అయిదు.”

“చుక్క లేదు మేడం. ప్రింట్ తీసి గోడకు అతికిచ్చిన్రు, అండ్ల లేదు. ఫోన్ల పెద్దగ చేసి చూసినా మసక మసకగనే ఉంది.”

“ఏడున్నరే పెట్టేయండి,” అన్నాను.

“మా ఇన్‌చార్జి మేడం వింటలేరు. ఫోన్ల మాట మీద పెట్టొద్దంట, కాయితం మీద ఉన్నదే పెట్టాల్నంట. డాక్టర్ సాబ్ ఆపరేషన్ల ఉన్నడు. నాలుగో బెడ్ తాతకు షుగర్ బాగ పెరిగింది, పదకొండింటికి పంప్ షురూ చెయ్యాలె. నేనే ఆపిన. ‘నీకొక్కదానికేనా అనుమానం’ అని అందరి ముంగట తిడుతున్నరు. జర జల్ది పంపుండ్రి.”

పరిమితి డెబ్బై అయిదైతే, ఎవరైనా 2.5కు బదులు 25 అని నొక్కినా ఆ యంత్రం మోగదు. తాతకు కాపలా ఉండాల్సిన అంకెను నా చేతులతో నేనే పాడుచేశాను.

ఒళ్లో లాప్‌టాప్ తెరిచాను. అసలు పీఎన్‌జీలో చుక్క చక్కగా ఉంది. వెంటనే పంపాను. కారు కదలడం లేదని డ్రైవర్‌ను ఊరికే కసురుకున్నాను. ఫోన్ మళ్లీ మోగింది.

“ఇది గూడ గట్లనే ఉంది మేడం.”

నన్ను నేను తిట్టుకున్నాను. ఫోటోగా పంపితే చాట్ యాప్ దాన్ని మళ్లీ కుదించి జేపెగ్ చేసేస్తుంది. పది యాభై రెండు. ఈసారి డాక్యుమెంట్‌గా జతచేశాను. అలా పంపితే యాప్ ఫైలును ముట్టుకోదు. అది పోతున్నంతసేపూ గోళ్లు కొరుకుతూ తెరనే చూస్తూ కూర్చున్నాను.

“వచ్చింది మేడం. చుక్క ఉన్నది. మా మేడంకు సూపిచ్చిన.”

“ఏమన్నారు?”

“ఏమనలె. ఏడున్నర పెట్టమన్నరు.”

క్యాబ్‌లోనే ఏడ్చేశాను. భయం తీరిందని కొంత, సిగ్గుతో ఎక్కువ.

ఆ రోజే పాత గైడ్‌ను వెనక్కి తీసుకుని, పీఎన్‌జీలతో మళ్లీ తయారుచేసి పంపాను. వారం తర్వాత ఐసీయూకి వెళ్లాను. గోడ మీద కొత్త కాగితం, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. అయినా ఏడుకీ అయిదుకీ మధ్య చుక్క చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

“ఇప్పుడు బాగానే కనిపిస్తోంది కదా సిస్టర్, ఇదెందుకు?”

సుజాత నొచ్చుకోకుండా, నన్ను నొప్పించకుండానే చెప్పింది. “కనిపిస్తుంది మేడం. కానీ అప్పుడు గూడ మీకు కనిపిస్తనే ఉండె గద.”

స్క్రీన్‌షాట్‌కు పీఎన్‌జీయే వాడాలని నాకు ముందే తెలుసు. అవతలి మనిషి దాన్ని దేని మీద చూస్తుందో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ఏ బొమ్మ పంపాలన్నా ముందు నా పాత ఫోన్‌కు పంపుకుంటాను. నలుపు తెలుపులో ప్రింట్ తీసి, గోడకు అతికించి, రెండడుగులు వెనక్కి నిలబడి అంకెలు పైకి చదువుతాను. ఆఫీసులో చూసి నవ్వుతారు. నవ్వుకోనీ. చుక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచుతాను.