అంకమ్మరావు మాస్టారి టోంగా ప్రయాణం

కొత్తపట్నం హైస్కూల్లో భూగోళం చెప్పే అంకమ్మరావు మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏటా టోంగా దీవులకు బయలుదేరడం. వెళ్ళడం కాదు, బయలుదేరడం. 1954 నుంచి మాఘమాసం రాగానే ఆయనకు ఆ గాలి సోకేది. వేసవి సెలవులు అయిపోయేదాకా వదిలేది కాదు.

"అదెక్కడుంది మాస్టారూ" అని ఎవరైనా నోరు జారితే అక్కడే గొంతుక్కూర్చుని ఇసకలో వేలితో గీసేవారు. "ఇది మద్రాసు. ఇది కొలంబో. ఇదిగో సిడ్నీ. అక్కడ ఓడ మారాలి. ఫిజీలో ఇంకోటి మారాలి." ఆయన వేలు టోంగా చేరేసరికి అడిగినవాడు బజారు చేరి ఉండేవాడు.

కదలకుండా వినవలసిన ఖర్మ ఆయన భార్య సుబ్బరావమ్మది.

"మనకి రోహిణి కార్తె ఎండలప్పుడు వాళ్ళకి చలికాలం. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ. పోతే అప్పుడే పోవాలి."

"తక్కువంటే, గొడుగు పెట్టమంటారా, వద్దంటారా?"

"అదే తేలడం లేదు. బాషాని అడగాలి."

గౌస్ బాషా ఇరవై ఏళ్ళు ఓడల్లో బొగ్గు వేసి, ఆ దీవుల్ని రెండుసార్లు చూసి వచ్చినవాడు. తర్వాత రెండు కళ్ళూ పోయి, ఇంటి వసారాలో నులకమంచం మీద ఉండేవాడు. మాస్టారు రోజూ సాయంత్రం నోటుపుస్తకం చంకన పెట్టుకుని అతని దగ్గరికి వెళ్ళేవారు. ఒక సందేహం తీర్చుకుని, రెండు సందేహాలతో తిరిగి వచ్చేవారు.

చైత్రంలో అటక మీది ట్రంకుపెట్టె దిగేది. అక్కడివాళ్ళు చేపలు, దుంపలు, కొబ్బరిపాలతో సరిపెట్టుకుంటారని బాషా చెప్పాడు కాబట్టి, పెట్టెలో మొదట చేరేది జాడీడు కారం. ఆషాఢంలో పెట్టె అటకెక్కేది, జాడీ వంటింటికి వచ్చేది.

ప్రయాణం ఆగడానికి ఏటా ఒక కారణం దొరికేది. ఒక ఏడు పగడపు రాళ్ళ మీద నడవడానికి తోలుచెప్పులా, గుడ్డబూట్లా అన్నది తేలలేదు. ఇంకో ఏడు ఆదివారం చిక్కు వచ్చింది. ఆ దేశంలో ఆదివారం ఎవరూ పనిచేయరు, అందరూ చర్చికి పోతారు. ఓడ ఆదివారం చేరితే ట్రంకుపెట్టె ఎవరు దించుతారు?

పక్కింటి వెంకటరావమ్మ గోడ మీంచి అడిగేది. "ఏం వదినా, అన్నయ్యగారు ఇంకా వెళ్ళలేదా?"

"బట్టలు ఆరలేదు" అనేది సుబ్బరావమ్మ.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాక, 1963లో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు మాస్టారి పాత శిష్యుడు పానకాలు. ఓడల కంపెనీలో గుమాస్తా. 'మీ చిరకాల వాంఛ తీర్చే భాగ్యం నాకు దక్కింది. సరుకుల ఓడలో మీకు చోటివ్వడానికి కెప్టెన్ గారు ఒప్పుకున్నారు. పాస్‌పోర్టు సంగతి నేను చూస్తాను. మే పదో తేదీన ప్రయాణం.'

మాస్టారు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచారు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు సుబ్బరావమ్మ దిండు ఎత్తి, ఉత్తరం చదివింది.

"సంతోషించక ఈ ఉపవాసాలేంటి?"

"నాకు ఓడ పడదే."

"ఎప్పుడెక్కారు?"

"ఎక్కలేదు. ఒంగోలు బస్సే పడదు కదా."

అది నిజమే. పది మైళ్ళ ఒంగోలుకు ఆయన నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్ళు మూసుకుని వెళ్ళేవారు.

"మరి ఈ తొమ్మిదేళ్ళ తతంగం ఎందుకు చేసినట్టు?"

మాస్టారు బడికి టైమైందంటూ వెళ్ళిపోయారు.

సుబ్బరావమ్మ నోటుపుస్తకాలన్నీ కింద పరిచింది. 1955లో, 'గాలి ఎటు నుంచి వీచును?' బాషా జవాబు, ఆగ్నేయం. 1958లో అదే ప్రశ్న, అదే జవాబు. 1961లో మళ్ళీ అదే. ఎనిమిదో తరగతి పిల్లలకు ఖండాలన్నీ వల్లెవేయించే మనిషికి ఒక్క గాలి గుర్తుండదా? ఆమెకు ఒళ్ళు మండింది. ప్రయాణం రద్దని బాషాకు తనే చెప్పి ఈ పీడ వదిలించుకుందామని బయలుదేరింది.

బాషా కూతురు మౌలాబీ ఇంటి ముందు మిరపకాయలు ఎండబోస్తున్నది.

"మీ నాన్నతో చెప్పమ్మా, రేపటి నుంచి మాస్టారు రారు. ఆయన టోంగా పోవడంలేదు."

మౌలాబీ చేట కింద పెట్టి, గొంతు తగ్గించింది. "అట్టా అనమాకండి పిన్నిగారూ. తొమ్మిదేళ్ళ కిందట కళ్ళు పోయినప్పుడు మా నాయన గోడకి తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. వచ్చినోళ్ళంతా అయ్యో పాపమనేవాళ్ళు. మాస్టారొక్కరే, 'బాషా, నేను టోంగా పోతున్నా, దారి చెప్పు' అన్నారు. మా నాయన లేచి కూర్చుని, 'మీరా? ముందు టీ తాగండి' అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చుంటాడు. సాయంత్రం మాస్టారు తప్పు చెబుతారు, తను దిద్దాలి గదా."

సుబ్బరావమ్మ వంగి, పక్కకి దొర్లిన మిరపకాయలు రెండు ఏరి చేటలో వేసింది. ఈలోపు వసారాలోంచి పిలుపు వచ్చింది. "ఎవరే మౌలా?"

"నేనన్నయ్యా, మాస్టారింటి దాన్ని" అంటూ ఆమె లోపలికి వెళ్ళింది. చెప్పదలచుకున్న మాట ఒకటి, నోటికి వచ్చింది ఇంకొకటి. "ఈ ఏడు ఓడలో చోటు దొరికింది. ఆయన పోతానంటున్నారు. నేనూ పోతానంటున్నా. ఆడవాళ్ళకి అక్కడ వీలుగా ఉంటుందో లేదో కనుక్కుందామని వచ్చా."

బాషా ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు. నున్నటి గడ్డాన్ని రెండుసార్లు తడుముకున్నాడు.

"ఇద్దరూనా?"

"ఇద్దరమే."

"చూడు చెల్లెమ్మా, మాస్టారు ఒక్కరే అయితే ఈ ఏడే పంపేవాణ్ణి. ఆడకూతురు కూడా అంటే చూసుకోవాల్సినవి శానా ఉంటై. తొందరపడొద్దు. వచ్చే ఏడు పెట్టుకుందాం. రేపట్నుంచి నువ్వు గూడా రా, ఒక్కోటీ చెబుతా."

వాకిట్లో మౌలాబీ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం సుబ్బరావమ్మ భర్త ముందు కార్డు, కలం పెట్టింది. "పానకాలుకి ఈ ఏడు కుదరదని రాయండి. నాకింకా సందేహాలున్నాయి."

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. కార్డు రాసి, మూడుసార్లు మారు వడ్డించుకుని అన్నం తిన్నారు.

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళారు. సుబ్బరావమ్మ మొదటి సందేహం, ఆ దీవిలో పొద్దున్నే పాలు ఎవరు పోస్తారన్నది. అది తేలడానికి ఆ వేసవి చాలలేదు.