ఈశాన్యంలో నీళ్ల పందిరి

2022 ఎండాకాలంలో, బాపట్లలో ఒక ఇంటి పెరట్లో, నేను నీళ్లతో పందిరి వేశాను. కొబ్బరిచెట్టంత ఎత్తున. గుంజల్లేవు, తాటాకుల్లేవు, ఒక్క మేకు లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా అలాంటి పని నాకు ముందు చేసినవాడు లేడు, నా తర్వాత చేసేవాడు రాడు. సముద్రానికి వెళ్లే జనం దారిలో బళ్లు ఆపుకుని చూసి మరీ వెళ్లేవాళ్లు.

కొబ్బరిచెట్టు అన్నానా? సరే, ఆ సంగతి తర్వాత చూసుకుందాం.

నన్ను తెనాలిలో పంపుల సాంబయ్య అంటారు. మొదట్లో కాలవగట్ల మీద ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ణి. దుగ్గిరాల వైపు పసుపు తోటలకీ, చెరుకుపల్లి వైపు వరిచేలకీ నీళ్లు తోడిన ఇంజన్లలో సగం నా చేతిలో దగ్గి, తుమ్మి, లేచి కూర్చున్నవే. తర్వాత బోరు మోటార్లు, అపార్టుమెంట్ల ట్యాంకులు, ఆఖరికి ఈ స్విమ్మింగ్ పూల్స్. పూల్ అంటే గొయ్యి తవ్వి నీళ్లు పొయ్యడమేగా అంటారు చాలామంది. కాదండి. గొయ్యి మేస్త్రీది. అందులో నీళ్లు పాచిపట్టకుండా తిరుగుతూ ఉండాలి, ఆ తిప్పడం నాది. తొట్టి అంచున కిటికీలాంటిది ఒకటి పెడతాం, దాన్ని స్కిమ్మర్ అంటారు. పైన తేలే ఆకులతో సహా అది నీళ్లని లాక్కుంటుంది. ఆ నీళ్లు పంపులోకి, అక్కణ్ణుంచి ఫిల్టర్‌లోకి వెళ్లి, మళ్లీ తొట్టిలోకి వస్తాయి. ఈ దారిలో ఎక్కడా గాలి చొరబడకూడదు. గాలి చొరబడిందంటే పంపు గుర్రుపెడుతుంది, నీళ్లు తుంపర్లు తుంపర్లుగా ఉమ్ముతుంది. నా జీవితమంతా ఆ గాలితోనే తగాదా.

ఆ పూల్ కట్టించుకున్నావిడ పేరు వరలక్ష్మి గారు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆవిడది. కాయలు కాల్చే చోటా, పప్పు ఏరే చోటా ఏళ్ల తరబడి రోజంతా నిలబడి పని చేయించీ చేయించీ మోకాళ్లు అరిగిపోయాయి. రోజూ గుండెల్లోతు నీళ్లలో నడిస్తే కొన్నాళ్లు చూద్దాం, లేకపోతే ఆపరేషనే అన్నాడు డాక్టరు. ఆపరేషన్ అంటే ఆవిడకి చచ్చేంత భయం. అందుకే బాపట్లలో కొత్తిల్లు కట్టుకుంటూ పెరట్లో పూల్ పెట్టించారు. ఈత కోసం కాదు, నడక కోసం.

ఆవిడ భర్త సీతారామారావు గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇంటిపని చూసుకునేది ఆయనే. వాస్తు విషయంలో మహా పట్టుదల మనిషి. నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలి కాబట్టి పూల్‌ని తీసుకెళ్లి స్థలంలో ఈశాన్యం మూల పెట్టించారు. శాస్త్రానికి ఏ లోటూ లేదు. లోటల్లా, ఆ మూలకి ఆనుకుని ఉత్తరం వైపు పక్కింటి మేడ ఉంది. ఆ మేడ మీద కమలమ్మ గారు ఉంటారు.

కమలమ్మ గారు కింద వాటా అద్దెకిచ్చి పైవాటాలో ఉంటుంది. పోర్టికో శ్లాబు మీద వడియాలు పెట్టుకుని, పిట్టగోడకి మోచేతులు ఆనించి, మేం గొయ్యి తీసిన రోజు నుంచీ పని చూస్తూనే ఉంది. చూసి ఊరుకునే రకం కాదు.

"ఏమయ్యా పెద్దాయనా, ఆ గొట్టం వంకరగా లేదూ?"

"వంకరే పెట్టాలమ్మా అక్కడ!"

"ఏమో, నాకైతే వంకరగానే కనబడుతోంది."

చెడ్డమనిషి కాదు. కానీ పెరట్లో పిల్లి నడిచినా ఆవిడకి తెలియాలి. "ఏంటి వదినా, నీళ్లలోకి ఎప్పుడు దిగుతున్నావు?" అని రోజుకొకసారి అడిగేది. అడిగినప్పుడల్లా వరలక్ష్మి గారి మొహం మాడిపోయేది.

ఒకరోజు నన్ను పక్కకి పిలిచారు. "బాబాయ్, అంతమంది ఆడాళ్ల చేత పని చేయించినదాన్ని. తడిబట్టలతో కుంటుకుంటూ దిగుతుంటే పైనుంచి ఆవిడ చూస్తూ ఉంటే నా వల్ల కాదు. గోడ లేపించండి."

లేపుదామనే అన్నాను. సీతారామారావు గారు ఒప్పుకోలేదు. ఈశాన్యంలో బరువు పెరగకూడదు, ఎత్తు పెరగకూడదు, ఆకాశం మూసుకుపోకూడదట. పోనీ షెడ్డు? అదీ కుదరదు. పచ్చ వల కడదామా? "ఇల్లా, మొక్కల నర్సరీనా?" అన్నారాయన. పూల్ మెట్లకి టైల్స్ అంటించడం అయిపోయింది, ఆవిడ దిగే దారి మాత్రం దొరకలేదు.

సరిగ్గా అప్పుడే ఆయనకి కొత్త సరదా పుట్టింది. విజయవాడలో ఏదో పెళ్లికి వెళ్లి, అక్కడ నీళ్లు విల్లులాగా వంగి దూకడం చూసొచ్చారు.

"బాబాయ్ గారూ, ఇంకో చిన్న పని" అన్నారు.

మా వృత్తిలో 'ఇంకో చిన్న పని' అంటే నిన్న పోసిన కాంక్రీటు ఇవాళ పగలగొట్టమని. అదృష్టం బాగుండి పూల్ చుట్టూ గచ్చు ఇంకా పొయ్యలేదు. ఆయన అడిగినవాటిని డెక్ జెట్లు అంటారు. గచ్చులో నాణెమంత మూత కనబడుతుంది, అంతే. మూతలోని సన్నని నోట్లోంచి నీటిధార లేచి, వంపు తిరిగి తొట్టిలో పడుతుంది. ఒక్కో జెట్‌కీ విడిగా గొట్టం, విడిగా వాల్వు ఉండాలి. లేకపోతే పంపుకి దగ్గరున్నది ఎగురుతుంది, దూరంగా ఉన్నది ఏడుస్తుంది.

"వరండాలో కూర్చుంటే మనవైపు నుంచి అటు దూకుతూ కనబడాలి" అని ఆయన వేలితో గీసి చూపిస్తున్నారు.

వరలక్ష్మి గారు వరండాలోంచి అన్నారు, "ఆ సోకు ఎవరికండీ? నా మోకాళ్లకా? వేసేదేదో ఆ గోడవైపు వెయ్యండి. అటునుంచి నా మీదుగా ఇటు దూకితే, కింద నుంచి నేను నడుచుకుపోతాను. పందిట్లో నడిచినట్టు. ఈశాన్యంలో గోడ లేవకూడదు గానీ నీళ్లు లేవకూడదని ఎవరన్నారు?"

మా ఊళ్లో ఈ ముక్క నేనన్నట్టుగా చెబుతుంటాను. అన్నది ఆవిడ. నేను ఆ టైముకి టీ తాగుతున్నాను.

ఇంటికి వాస్తు చూసిన సిద్ధాంతి గారికి సీతారామారావు గారు ఫోన్ చేశారు. ఆయన కాసేపు ఆలోచించి, లేచేదీ ఈశాన్యంలోనే, పడేదీ ఈశాన్యంలోనే కాబట్టి దోషం లేదన్నారు. పక్కింటి గోడ వెంబడి వరసగా జెట్లు పెట్టాను. సొంత డబ్బా అనుకోకపోతే, చాలా అందంగా వచ్చాయి. నీటిధారలో గాలి బుడగ అనేది లేదు. గాజుకడ్డీ వంచినట్టుంది. ఎండ తగిలితే అందులోంచి అవతల టైల్స్ మీద గీతలు కూడా కనబడుతున్నాయి.

అదే కొంప ముంచింది. పైనుంచి కమలమ్మ గారు చప్పట్లు కొట్టింది. "ఎంత బాగున్నాయి వదినా! అద్దం లాగా! అందులోంచి నీ చీర అంచు మీద నెమళ్లు కూడా కనబడుతున్నాయి!"

వరలక్ష్మి గారు లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. దిగులుతో కాదు, కుతూహలంతో. నీళ్లని శుభ్రంగా దూకించడం నాకు తెలుసు, మురికి చెయ్యకుండా మసక చెయ్యడం ఎలా? పాలు తెల్లగా ఉంటాయి, నీళ్లు ఉండవు. సముద్రం నీళ్లు కూడా తెల్లగా ఉండవు, కానీ ఒడ్డున అల విరిగినప్పుడు తెల్లబడతాయి. ఎందుకు? తెనాలి బస్సులో కూర్చుని కూడా అదే ఆలోచన. జెట్ల నోళ్లు చిన్నవి చేశాను, ధారలు సన్నబడ్డాయి గానీ తెల్లబడలేదు. రెండు ధారలు గాలిలో ఢీకొట్టించాను. తెల్లబడ్డది నా జుట్టు మాత్రమే, అది అంతకుముందే తెల్లగా ఉంది.

సమాధానం నేను కనిపెట్టానని ఇప్పటికి చాలామందికి చెప్పాను. మీకు మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ వారంలో ఫిల్టర్ కడగడానికి తొట్టిలోంచి కొంత నీళ్లు బయటికి వదిలాం. అక్కడ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ట్యాంకర్లతో నింపేవాళ్లం. ట్యాంకర్ రాలేదు. నీటిమట్టం స్కిమ్మర్ నోటి కిందకి దిగింది. అది చూసుకోకుండా జెట్ల స్విచ్ వేశాను. పంపు నీళ్లతోపాటు గాలి కూడా మింగింది. గుర్రుమని రంకె వేసింది. ధారలన్నీ విరిగి, తెల్లగా, నురగలు నురగలుగా దూకడం మొదలెట్టాయి.

పంపు కాలిపోతుందని స్విచ్ దగ్గరికి పరిగెత్తుతున్నాను. నా వయసులో దాన్ని పరుగు అనొచ్చో లేదో గానీ.

"ఆపకండి!" అని వరండాలోంచి ఒక్క అరుపు. ఎన్నాళ్లకో ఆవిడ కర్ర లేకుండా లేచి నిలబడి ఉన్నారు. "కమలమ్మ వదినా! నేనెక్కడున్నానో చెప్పు చూద్దాం!" అంటూ జెట్ల వెనక్కి నడిచారు.

"ఎక్కడ? ఏదీ? ఇటు జరుగు, కనబట్టం లేదు" అంది కమలమ్మ గారు, సినిమా మధ్యలో కరెంటు పోయినదానిలా.

అలవాటుగా రోజూ పంపుకి గాలి మింగించకూడదు, చెడిపోతుంది. అందుకని జెట్ల నోళ్లు తీసేసి ఫోమ్ జెట్లు తెప్పించాను. వాటి పక్కన చిన్న చిల్లు ఉంటుంది. నీళ్లు దూకేటప్పుడు ఆ చిల్లులోంచి గాలిని తమంతట తామే లాక్కుని తెల్లబడతాయి, పంపుకి ఏమీ కాదు. అలా, గాలిని జీవితమంతా తరిమినవాణ్ణి, చిల్లు పెట్టి మరీ లోపలికి పిలిచాను. సముద్రం వైపు నుంచి సాయంత్రం గాలి తోలితే నురగ చెదురుతుంది కాబట్టి పొద్దున్నే నడవమని చెప్పాను. గాలి సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆవిడ మొదటిసారి దిగిన పొద్దున నేను అక్కడే ఉన్నాను, గోడవైపు తిరిగి, వాల్వులు చూస్తున్నట్టు నటిస్తూ. వెనక నీళ్లు కదిలిన చప్పుడు, మెట్ల కమ్మీకి తగిలిన గాజుల చప్పుడు. తర్వాత చాలాసేపు నురగ హోరు తప్ప ఏమీ లేదు. భయమేసి "అమ్మా, బాగానే ఉందా?" అన్నాను.

"నొప్పి లేదు బాబాయ్" అన్నారు. ఆ గొంతు ఫ్యాక్టరీ నడిపే గొంతు కాదు.

ఇక కొబ్బరిచెట్టు సంగతి. జెట్లు నా గడ్డం దాకా లేచేవి. నేను పొట్టివాణ్ణి. బండి ఆపింది ఒకే ఒక్కాయన, ఆయన కూడా బీచికి దారి అడగడానికి. మిగతాదంతా నిజమే. ఆ పని నాకు నేర్పింది ఒక్కటే. మనం లోపమని విప్పి పారెయ్యబోయేది ఎవరి అవసరానికి సరిపోతుందో, ముందు వాళ్లని అడగాలి. నా నీళ్ల పందిరి లేకపోతే వరలక్ష్మి గారు ఇవాళ్టికీ నీళ్లలోకి దిగేవారు కాదు. ఆపరేషనూ తప్పేది కాదు.

ఇంతవరకూ రాసి, తప్పులేమైనా ఉంటాయేమోనని ఈమధ్య ఆవిడకి ఫోన్ చేసి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు నవ్వారు.

"బాగుంది బాబాయ్. కానీ ఆ జెట్లు ఆపేసి చాలా కాలమైంది."

"చెడిపోయాయా అమ్మా?"

"చెడిపోలేదు, మేమే ఆపాం. మీరు పొద్దున్నే నడవమన్నారు. నేను ఒకరోజు సాయంత్రం దిగాను. మీ నురగంతా గాలికి లేచి, కమలమ్మ వదిన వడియాల మీద పడింది. పోట్లాటకి బయల్దేరింది. గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. వాళ్ల మేడమెట్ల కమ్మీ రెండు చేతులా పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతోంది. అచ్చం నాలాగే. అదీ సంగతి. ఆవిడ ఎప్పుడూ మేడమీద ఉండేది చూడ్డానికి కాదు బాబాయ్. దిగలేక."

నేను రాసిన కాగితాల్లో కమలమ్మ గారి పిట్టగోడ దగ్గరికి వెనక్కి వెళ్లాను.

"వడియాల సంగతి తర్వాత, ముందు నీళ్లలోకి దిగు వదినా అన్నాను. అప్పట్నుంచీ రోజూ ఇద్దరం నడుస్తున్నాం. పైన ఇంక చూసేదెవరు?"

"పోనీ అందానికైనా వేసుకోవచ్చు కదమ్మా జెట్లు. అంత కష్టపడి పెట్టాను."

ఫోన్‌లో నీళ్ల చప్పుడుతో పాటు వెనకనుంచి కమలమ్మ గారి గొంతు వినబడింది. "అవి వేస్తే ఒకళ్ల మాట ఒకళ్లకి వినబడి చావదయ్యా! అది కూడా రాసుకో!"