పేషెంట్ల ముందు నీళ్ళు తాగని నీలప్ప

నిన్న పొద్దున ఫోన్ తీస్తే స్టాఫ్ గ్రూపులో మెసేజ్.

నీలప్ప పోయింది.

చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. మళ్ళీ చదివాను. అదే మాట.

దాని కిందనే మా సూపర్‌వైజర్ గారి మెసేజ్. "వెరీ శాడ్. ఈ రోజు ఆవిడ షిఫ్ట్ ఎవరు చూస్తారు?"

రెంటికీ మధ్య ఒక దండం బొమ్మ కూడా లేదు. పెద్ద మనిషి, తీరిక ఉండొద్దూ పాపం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నీలవేణి మా డయాలసిస్ సెంటర్‌లో సీనియర్ నర్సు. అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇంటి ఆడపిల్ల. మాకందరికీ అప్ప, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. చెయ్యి వణక్కుండా సూది వెయ్యడం నాకు నేర్పింది ఆవిడే.

నిన్న తెల్లవారుజామున డ్యూటీకి తయారవుతూ ఇంట్లోనే పడిపోయింది. స్ట్రోక్. పలాస తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ఇంక మొదలు, అందరి స్టేటస్‌లూ. సేవామూర్తి అట. దేవత అట. తన కోసం తాను బతకని మనిషి అట.

బతకనిచ్చారా మీరు?

అప్పకి బీపీ ఉంది. కిడ్నీల మీద కూడా దెబ్బ పడుతోందని టెస్టుల్లో తేలింది. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరిగే మా ఉద్దానంలో పుట్టినవాళ్ళకి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. విశాఖ వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుంటానని వేసవి నుంచీ సెలవు అడుగుతూనే ఉంది.

ప్రతిసారీ ఒకటే జవాబు. "నువ్వు లేకపోతే యూనిట్ నడవదమ్మా."

ఎంత తెలివైన మాటో చూడండి. సెలవూ ఇవ్వక్కర్లేదు, ఇంకో మనిషినీ పెట్టక్కర్లేదు. పిచ్చి తల్లి, అది పొగడ్త అనుకుని వెనక్కి వచ్చేసేది. నిన్న యూనిట్ టైముకే తెరిచారు. బ్రహ్మాండంగా నడిచింది.

అప్పకి ఒక అలవాటు ఉండేది.

మా పేషెంట్లు నీళ్ళు కొలతగా తాగాలి. ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోయినా అంతే. అందుకని వాళ్ళ ముందు అప్ప చుక్క నీళ్ళు తాగేది కాదు.

"ఆళ్ళు నోరెండిపోయి సూత్తంటే, మనం గటగటా తాగితే ఏటి బాగుంటాది సెప్పు" అనేది.

పోనీ స్టోర్ రూంలోకి వెళ్ళి తాగుదామంటే ఆ కాస్త తీరిక ఎక్కడిది? ఆవిడను చూసి మేమందరం అదే నేర్చుకున్నాం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా నిలబడటం, మళ్ళీ అదో గొప్పలా చెప్పుకోవడం. మా తెలివి కూడా అలాగే ఏడిచింది.

ఒకసారి బెడ్ మీదున్న ముసలాయన ఇది కనిపెట్టాడు. అక్కుపల్లి ఆయనే, వేట మానేసిన మనిషి.

"అమ్మీ, నువ్వు తాగినా తాగకపోయినా నా దాహం నాదే గదా. తాగీ" అన్నాడు.

ఆ రోజు తాగింది. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

ఇప్పుడు అసలు భాగోతం వినండి.

పోయిన నెల టెక్కలిలో ఒక ఫంక్షన్ హాల్లో మాకు ట్రైనింగ్ పెట్టారు. పేరు సెల్ఫ్ కేర్. అది కూడా మా వీక్లీ ఆఫ్ రోజున. రాకపోతే మెమో ఇస్తామన్నారు.

కోటు వేసుకున్న ఒక సారు వచ్చి, గాలి ఎలా పీల్చుకోవాలో మాకు నేర్పాడు. కళ్ళు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోమన్నాడు. అక్కుపల్లి మనిషికి సముద్రం ఊహించుకోవడం నేర్పాడు మహానుభావుడు.

తర్వాత అప్పని స్టేజి మీదికి పిలిచాడు. మీరు అసలు అలిసిపోరట కదా, ఆ సీక్రెట్ అందరికీ చెప్పండి అన్నాడు.

"సీక్రెట్ ఏటి బాబూ. మా గదిలో ఉన్నది ఒక్క కుర్సీ. అది పేసెంట్ తాలూకు మనుసులకి. ఇంకెక్కడ కూకుంతాను?"

హాలంతా నవ్వింది. ఆయన చప్పట్లు కొట్టి, ఇదీ పాజిటివ్ యాటిట్యూడ్ అంటే, అన్నాడు. చివర్లో తలా ఒక వాటర్ బాటిల్ చేతిలో పెట్టి, గ్రూప్ ఫోటో తీసుకుని పంపించేశారు.

అప్ప విశాఖ డాక్టరు దగ్గర టైము తీసుకున్నది ఆ రోజుకే. సెలవు ఇవ్వరని అర్థమై, ఆఫ్ రోజున వెళ్ళొచ్చేద్దాం అనుకుంది. మెమో భయంతో మానుకుంది. ఆ డాక్టరు దగ్గర మళ్ళీ టైము దొరకలేదు.

ఒంటిని ఎలా చూసుకోవాలో నేర్పడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళే మనిషిని ఆపేశారు. థూ.

నిన్న సాయంత్రం అక్కుపల్లికి సూపర్‌వైజర్ గారు పెద్ద పూలదండ పట్టుకుని వచ్చారు. మీ అమ్మాయి త్యాగం మాకందరికీ ఆదర్శమమ్మా అని అప్ప వాళ్ళ అమ్మతో అన్నారు.

ఆ ముసలమ్మ ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"తేగం ఏటి బాబూ. ఒంట్లో బాగోనేదని సెలవడిగింది. మీరు ఇవ్వనేదు."

ఆయన దండ వెయ్యలేక, కింద పెట్టలేక చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. నాకు జాలి కలగలేదు.

దహనం అయ్యాక మేము బయల్దేరుతుంటే నా దగ్గరికి వచ్చి, రేపటి నుంచి సీనియర్‌వి నువ్వేనమ్మా, ఎర్లీ షిఫ్ట్‌కి వచ్చెయ్ అన్నారు. అక్కడ ఇంకా చితి ఆరలేదు.

రేపు రానండి, డాక్టరుకి చూపించుకోవాలి అన్నాను. ఏమైంది, బాగానే ఉన్నావు కదా అన్నారు. అప్ప కూడా బాగానే ఉండేదండి అన్నాను.

ఈ పోస్టు విశాఖ వెళ్ళే రైల్లో రాస్తున్నాను. ఇప్పుడే హరిశ్చంద్రపురం దాటింది. ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు.

అప్పా, ఇంక నిన్నెవరూ డ్యూటీకి లేపరు. నిమ్మళంగా పడుకో. బతికుండగా దొరకని విశ్రాంతి నీకు అక్కడైనా దొరకాలి.